అర నిమిషం పరుగు

ప్రపంచంలోని కుక్కలన్నిటిలోకీ వేగంగా ఉరికే కుక్క రోజులో పదహారు, పద్దెనిమిది గంటలు పడుకునే ఉంటుంది. గ్రేహౌండ్‌ను ఇంట్లో సాకాలనుకునేవాళ్ళు ముందుగా తెలుసుకోవలసింది ఇదే. గంటకు 60, 70 కిలోమీటర్ల వేగం అందుకోగల ఆ ఒళ్ళు ఆ వేగాన్ని అర నిమిషానికి మించి పెద్దగా నిలుపుకోలేదు. ఆ అర నిమిషం కోసం మనుషులు తరతరాలుగా దాని ఎముకనూ కండనూ గుండెనూ ఏరి ఏరి తీర్చిదిద్దారు. రోజులో మిగతా వేళంతా అది ఎట్లా బతకాలన్నది వాళ్ళకు పట్టలేదు. సాకేవాళ్ళ పని అక్కడ మొదలవుతుంది.

మా చిన్నబాపు కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ పంజాబ్ నుంచి ఆడ గ్రేహౌండ్ పిల్లను తెప్పించుకున్నాడు. పంజాబ్ పల్లెల్లో ఈ జాతిని పందేల కోసం పెంచుతారు. లూధియానా దగ్గరి కిలా రాయ్‌పూర్ గ్రామీణ క్రీడల్లో కుక్కల పరుగుకు పెద్ద పేరు. తర్వాత అతనికి పెళ్ళయి, బిడ్డ పుట్టి, ఫ్లాటులో జాగా సాలక, “అక్కా, నువ్వైతే మంచిగ జూస్కుంటవ్” అని తెచ్చి కరీంనగర్‌లో మా ఇంట్లో వదిలి పోయాడు. అప్పటికే అది ఎదిగిన కుక్క. దానికి ఏదో ఇంగ్లీషు పేరుండేది. మా బాపు ఆదిలాబాద్ నుంచి వచ్చి చూసి మల్లి అన్నాడు. ఖండోబా పటాల్లో గుర్రం పక్కన కుక్క ఉంటుంది. మహారాష్ట్రవాళ్ళ ఖండోబా, మన మల్లన్న ఒక్కరేనని బాపు నమ్మకం. మల్లన్న కుక్కకు మల్లి కాకుండా ఇంకేం పేరు పెడతామన్నాడు.

మల్లి వచ్చిన కొత్తలో మా గల్లీ మొత్తం నా మీద అనుమానపడింది. “గింత బక్కగున్నదేంది బిడ్డా, అన్నం పెడ్తలేరా?” అని అడగని మనిషి లేరు. ఎదురింటి అవ్వ రోజూ పొద్దున గిన్నెలో సద్ది తెచ్చి గేటు లోపల పెట్టి పోయేది. ఆమె దయకు నాకు కోపం రాలేదు. పక్కటెముకలు కనపడే జీవాన్ని చూస్తే పల్లెటూరి మనిషికి ప్రాణం ఊరుకోదు. కానీ ఈ జాతికి చివరి రెండు మూడు పక్కటెముకలు కనపడడమే ఆరోగ్యం. పొట్ట లోపలికి పీక్కుపోయి ఉండాలి. ఒళ్ళు చేస్తే ఆ బరువంతా సన్నటి కాళ్ళ మీద పడుతుంది. పూటకు కొంచెం చొప్పున రెండు పూటలా జొన్న గట్క, ఉడకబెట్టిన చికెన్, గుడ్డు, ఇంత పెరుగు. తిన్నాక గంటపాటు ఆటా లేదు, నడకా లేదు. ఛాతీ లోతుగా ఉండే కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడే జబ్బు ఒకటుంది. అది వస్తే గంటల్లో ప్రాణం పోతుంది. తిన్న వెంటనే ఉరికించకపోవడం మన చేతిలో ఉన్న జాగ్రత్త. ఎదురింటి అవ్వకు ఇదంతా చెప్పాక సద్ది ఆగింది గానీ, పోతూ పోతూ దాని నడుము నిమిరి నిట్టూర్చడం మాత్రం ఆగలేదు.

గ్రేహౌండ్ అన్న మాట మా కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో తేలికగా పలికే మాట కాదు. 1989లో కె.ఎస్. వ్యాస్ అనే ఐపీఎస్ అధికారి నక్సలైట్ల మీదికి ఏర్పాటు చేసిన పోలీసు దళానికి గ్రేహౌండ్స్ అని పేరు పెట్టారు. 1993లో ఆయన హైదరాబాద్‌లో నక్సలైట్ల కాల్పుల్లోనే చనిపోయారు. 1978లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్రనూ, 1981లో ఆదివాసుల మీద ఇంద్రవెల్లి పోలీసు కాల్పులనూ చూసిన నేల ఇది. ఇక్కడ కొడుకు అడవిలో పోయిన ఇళ్ళూ ఉన్నాయి, కొడుకు ఖాకీ బట్టల్లో పోయిన ఇళ్ళూ ఉన్నాయి. ‘ఏం జాతి కుక్క ఇది?’ అని అడిగిన ఒక పెద్దాయన నా జవాబు విని, ఇంకేమీ మాట్లాడకుండా చెప్పులేసుకుని లేచి పోయారు. అప్పట్నుంచి నేను వేటజాతి కుక్క అని మాత్రమే చెబుతున్నాను. ఆ పేరు వెనక ఉన్న దుఃఖంలో ఈ జీవానికి పాలు లేదు. ఎవరికీ గాయం గుర్తు చేయకుండా దాన్ని సాకాలని నా కోరిక.

అసలు దాని స్వభావమేమిటో చూడాలంటే ఇంటికొచ్చిన చుట్టం పక్కన దాన్ని నిలబెట్టాలి. మొరగదు. ముందు ముక్కు చాచి వాసన చూస్తుంది. తర్వాత మెల్లగా పక్కకు తిరిగి, తన ఒంటి బరువంతా ఆ మనిషి తొడకు ఆనించి ఒరిగి నిలబడుతుంది. ఆ మనిషి కాలు జరిపితే పడిపోయేంతగా ఒరుగుతుంది. చెవి వెనక గీకితే పళ్ళు టకటకా కొట్టుకుంటాయి. భయపడిందనో కోపమొచ్చిందనో కొత్తవాళ్ళు చెయ్యి తీసేస్తారు. అది సంతోషం. పడుకున్నప్పుడు ఒక్కోసారి కళ్ళు సగం తెరిచే ఉంటాయి. మెలకువగా ఉందనుకుని చెయ్యి వేస్తే అదిరిపడి లేస్తుంది. అందుకే మా ఇంట్లో పిల్లలకు మొదట నేర్పింది, దూరం నుంచి పేరు పెట్టి పిలిచి, అది తలెత్తాకే దగ్గరికి పోవాలని.

ఇక మా ఊరి ఎండ. ఏప్రిల్ దాటితే కరీంనగర్, పెద్దపల్లి, రామగుండం వైపు 45 డిగ్రీలు మామూలు. గ్రేహౌండ్ ఒంటి బరువులో సగానికి పైగా కండే. కొద్దిసేపు ఉరికినా లోపల వేడి ఒక్కసారిగా పెరుగుతుంది, ఆ వేడిని ఎక్కువగా నాలుక మీదుగానే బయటికి పంపాలి. బయటి గాలే నిప్పులు చెరుగుతుంటే ఎక్కడికని పంపుతుంది? ఎండాకాలంలో దాని నడక తెల్లవారుజామునే అయిపోవాలి. రోడ్డు మీద అరచెయ్యి ఆనించి, అయిదు లెక్కబెట్టేదాకా ఉంచగలిగితేనే దాని పాదాలు అక్కడ పెట్టనిస్తాను. మధ్యాహ్నం నడవలో షాబాదు బండల మీద గోనెసంచి తడిపి పరుస్తాం, కూలర్ గాలి తగిలేట్టు. అది సంచి మీద కాసేపు, బండ మీద కాసేపు జరుగుతూ పడుకుంటుంది. ఒట్టి బండ మీదే పొద్దంతా పడుకోనిస్తే మోచేతుల దగ్గర చర్మం గీరుకుపోయి పుండవుతుంది. ఎముకకూ నేలకూ మధ్య దానికి కొవ్వు పొర దాదాపు లేదు. రాత్రికి పాత చీరలతో కుట్టిన బొంత, నాలుగు మడతలు.

చలి ఇంకో కథ. మా తల్లిగారిల్లు ఉట్నూరు వైపు. సంక్రాంతికి పోతే మల్లినీ తీసుకుపోతాం. ఆదిలాబాద్ చలి తెలియనివాళ్ళకు చెప్పాలి: తెలంగాణ మొత్తంలో అందరికన్నా ముందు వణికేది అక్కడివాళ్ళే. అయిదు డిగ్రీలకు దిగిన రాత్రులున్నాయి. మొదటిసారి పోయినప్పుడు మల్లి నెగడి పక్కన నిలబడి, తోక కాళ్ళ మధ్య దోపుకుని, ఒళ్ళంతా వణికింది. ఊరకుక్కలు పక్కనే బూడిదలో ముడుచుకుని హాయిగా పడుకున్నాయి. మా అవ్వ కాసేపు చూసి లోపలికి పోయి బాపు పాత గొంగడి తెచ్చింది. కురుమలు నేసిన నల్లగొర్రె ఉన్ని గొంగడి, అంచులు చీకిపోయినది. మల్లిని నిలబెట్టి మెడ నుంచి తోక దాకా జానలతో కొలిచింది. గొంగడి ఉన్ని గరుకు, దీని చర్మం తమలపాకంత పలుచన. అందుకని లోపల నూలు చీర అస్తరు వేసింది. పొట్ట కిందికి రెండు నాడాలు. ఛాతీ దగ్గర ముక్క సాలకపోతే పాత స్వెటరు చెయ్యి కత్తిరించి అతికింది. కుట్టి తొడిగాక అవ్వ అన్న మాట: “బర్రెకు కప్పినం, కోడెకు కప్పినం, కుక్కకు కప్పుడు గిదే మొదలు.” మెడపట్టా కూడా మామూలుది పనికిరాలేదు. దాని మెడ తలకన్నా లావు, మామూలు పట్టా వేస్తే తల వెనక్కి గుంజుకుని తేలిగ్గా జారిపోతుంది. వెడల్పాటి పట్టా, గుంజితే కొంచెం బిగుసుకునేది, దీనికోసం ప్రత్యేకంగా కుట్టించాం.

డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఈ జాతి సంగతి ముందే చెప్పుకోవడం మన బాధ్యత. మన దగ్గర కుక్కలకు పిడుదుల వల్ల వచ్చే జ్వరం చాలా మామూలు. అది వస్తే రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. గ్రేహౌండ్‌కు ఏ జబ్బూ లేకపోయినా ప్లేట్‌లెట్లు మిగతా కుక్కలకన్నా తక్కువే ఉంటాయి, ఎర్రకణాలు ఎక్కువ ఉంటాయి. పరీక్ష కాగితం మీది అంకె ఒక్కటే చూస్తే లేని జ్వరానికి మందు పడవచ్చు, ఉన్న జ్వరం దాని మామూలు లెక్కలో కలిసిపోనూ వచ్చు. అందుకే అది బాగున్నప్పుడే ఒకసారి రక్తం పరీక్ష చేయించి ఆ కాగితం దాచిపెట్టాలి. మత్తుమందు సంగతి ఇంకా ముఖ్యం. థయోపెంటోన్ లాంటి మందులు ఈ జాతి ఒంట్లోంచి త్వరగా దిగవు. కొవ్వు తక్కువ కావడం ఒక కారణం, కాలేయం ఆ మందును నెమ్మదిగా విరగగొట్టడం ఇంకో కారణం. మల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినప్పుడు మా డాక్టరమ్మ వేరే మందు వాడి, అది తల ఎత్తేదాకా పక్కనే కూచున్నారు. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉండడం మా జిల్లాల అదృష్టం. ఇదివరకు బర్రెలు, గొర్రెలు చూసిన చేతులే ఇప్పుడు ఇట్లాంటి కుక్కలనూ చూస్తున్నాయి.

వేటకుక్క మా ప్రాంతానికి కొత్తది కాదు. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. అక్కడి కారవాన్ కుక్కలు ఇదే కోవకు చెందుతాయి. వాటినే కర్ణాటకలో ముధోల్ పేరుతో పిలుస్తారు. మన నిర్మల్ జిల్లా ముథోల్ అనుకునేరు, అది బాగల్‌కోట జిల్లా ముధోల్. ఆ సంస్థానం పాలకుడు మాలోజీరావు ఘోర్పడే ఆ కుక్కలను అయిదో జార్జి చక్రవర్తికి కానుకగా ఇచ్చాడని ప్రసిద్ధి. 2005లో తపాలా శాఖ దాని బొమ్మతో స్టాంపు వేసింది. ఆ సన్నటి ముఖం, లోతైన ఛాతీ ఉన్న కుక్కలను ఆదిలాబాద్ తండాల్లో, గొర్లమందల వెంట ఇప్పుడూ చూడొచ్చు. మన ఎండకు అవి మల్లికన్నా బాగా ఓర్చుకుంటాయి. కొత్తగా కుక్కను తెచ్చుకోవాలనుకునేవాళ్ళు నన్నడిగితే, పంజాబు దాకా పోకుండా పెన్‌గంగ దాకా పోతే చాలంటాను.

వరికోతలు కాగానే మల్లి కోసం మనుషులొస్తారు. “ఒక్క పొద్దు ఇయ్యండక్కా, చెవులపిల్లిని పట్టిస్తం, కూర మీకే పంపుతం.” వాళ్ళ తాతలు వేటాడిన నేల, వాళ్ళకది తప్పనిపించదు. నేను ఇవ్వను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, కవ్వాల్ అడవి చుట్టుపక్కల ఊళ్ళల్లో అడవిపందుల కోసం పొలాల చుట్టూ కరెంటు తీగలు పెడుతున్నారు. ఆ తీగలకు మనుషులు పోయారు, పశువులు పోయాయి, పులులూ పోయాయి. చెవులపిల్లి కదిలిందంటే మల్లి చెవికి నా పిలుపు చేరదు. కంటితో చూసి వెంటపడే జాతి అది. కన్ను పట్టుకున్నాక చెవి పనిచేయదు. అందుకే వీధిలోనైనా, ఊరిలోనైనా తాడు లేకుండా గేటు దాటనివ్వం. గల్లీలో నాటుకోళ్ళున్న ఇళ్ళ ముందు తాడు ఇంకా పొట్టిగా పట్టుకుంటాం.

వేటకు కాకపోతే, పందేనికి కాకపోతే ఈ కుక్క ఇంకెందుకని అడుగుతారు. ఈ ప్రశ్న ప్రపంచమంతటా ఉన్నదే. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం 2018లో ఓటు వేసి, 2020 చివరికల్లా కుక్కల పందేలు మూసేసింది. మకావు పందెం మైదానం 2018లో మూతపడ్డప్పుడు 500కు పైగా గ్రేహౌండ్లు దిక్కులేకుండా మిగిలాయి. వాటికి దేశదేశాల్లో ఇళ్ళు వెతకవలసి వచ్చింది. స్పెయిన్‌లో వేట కాలం ముగియగానే ఈ కోవ కుక్కలను ఎన్నిటినో రోడ్ల మీద వదిలేస్తారు. పందెం కుక్క నాలుగైదేళ్ళకు పనికిరానిదవుతుంది. దాని ఆయుష్షు పన్నెండేళ్ళ దాకా ఉంటుంది.

మా బాపుకు ఈ ప్రశ్న కొత్త కాదు. ఆయన దగ్గర రాముడనే ఎద్దుండేది. పత్తి చేన్ల గుంటుక లాగి లాగి ముందు కాలు ఈడ్చడం మొదలుపెట్టాక దాన్ని పనిలోంచి తీసేశాడు. అంగడి బేరగాళ్ళు రెండు మూడుసార్లు వచ్చి పోయారు. పొలాల అమావాస్య నాడు పనిచేసే ఎడ్లతోపాటు దానికీ కొమ్ములకు రంగేసి, నడవగలిగినంత దూరం ఊరేగింపులో నడిపించేవాడు. “దాని కష్టం తిన్నం బిడ్డా. ఇగ దానికి పెట్టుడు మన వంతు” అనేవాడు.

నేను చాలా రోజులు ఈ మాటను మల్లికి అన్వయించి చూశాను. అన్వయించదు. మేము మల్లి కష్టం తినలేదు. అది మాకు పందెం గెలిచి పెట్టలేదు, ఇల్లు కూడా కాయదు. గేటు దగ్గర కొత్తమనిషి కనిపిస్తే వెళ్ళి ఒరిగి నిలబడుతుంది. మరి మా బాకీ ఏమిటి? ఆలోచిస్తే నాకు తోచింది ఇది. చలికి ఒంటి మీద కొవ్వు లేకుండా, నేలకు ఆనితే మోచెయ్యి పుండయ్యేట్టు, ముళ్ళకంచె గీరితే చినిగిపోయేంత పలుచటి తోలుతో దాన్ని ఈ లోకంలోకి తెచ్చింది మనుషులు. వేగానికి అడ్డమనుకున్న ప్రతిదాన్నీ దాని ఒంట్లోంచి తీసేశారు. ఊరకుక్కకు పుట్టుకతోనే ఉన్న రక్షణ దీనికి లేదు. అట్లా తీసేసినవాటిని ఒక్కొక్కటిగా తిరిగి ఇవ్వడమే మా పని. గొంగడి ఇస్తే అది దాని బొచ్చు. బొంత ఇస్తే అది దాని కొవ్వు. తాడు పట్టుకున్న నా చెయ్యి, కన్ను ముందుకు గుంజినప్పుడు ఆగగల దాని బుద్ధి. ఎవరో ఎప్పుడో తీసుకున్నదాన్ని, వాళ్ళ జాతి మనిషిని కాబట్టి, నేను తీరుస్తున్నాను. బాపుకు ఈ సంగతి చెబితే కాసేపు ఆలోచించి, “గట్లైతే ఎద్దుది గూడ గదే లెక్క. అడివిల తిరిగేదాన్ని తెచ్చి కాడి కట్టింది మనమే గద” అన్నాడు. ఆ మాట నాకు ముందు తట్టలేదు.

అయినా దాని పరుగును దాని నుంచి లాగేసుకునే హక్కు నాకు లేదు. కరీంనగర్ శివార్లలో మా బంధువుల రైస్ మిల్లు వెనక చుట్టూ ప్రహరీ కట్టిన ఖాళీ జాగా ఉంది, మట్టి నేల. ఆదివారం తెల్లవారకముందే పోయి, నేనూ మా ఆయనా టార్చిలైటుతో గాజు పెంకులూ మేకులూ ఏరేస్తాం. గేటు గొళ్ళెం రెండుసార్లు చూసుకుంటాం. వెలుగొచ్చాక తాడు విప్పుతాం. మొదట అది నిలబడే ఉంటుంది, చెవులు వెనక్కి మడిచి. ఉన్నట్టుండి వెన్ను వంగుతుంది. వెనక కాళ్ళు ముందు కాళ్ళను దాటి పోయి నేలను తన్నుతాయి, ఒళ్ళంతా సాగుతుంది, మళ్ళీ ముడుచుకుంటుంది. సాగినప్పుడొకసారి, ముడుచుకున్నప్పుడొకసారి, ఒక్కో అంగలో రెండుసార్లు నాలుగు కాళ్ళూ గాల్లోనే ఉంటాయి. ఆరేడు అంగల్లో పూర్తి వేగం వచ్చేస్తుంది. మా పక్క నుంచి పోయినప్పుడు మట్టి ముఖానికి కొడుతుంది, ఊపిరి చప్పుడు వినపడుతుంది. మూడు చుట్లు. తర్వాత దానంతటదే ఆగి, మా దగ్గరికొచ్చి, పక్కలు ఎగరేస్తూ మట్టిలో కూలబడుతుంది. ఒళ్ళు చల్లబడ్డాక నీళ్ళు, పాదాలు కడిగి వేళ్ళ సందుల్లో చూడడం, ఇంటికి. ఇక రోజంతా నిద్ర.

మొన్న ఎండాకాలం మంచిర్యాల నుంచి ఒక పిల్లగాడు వచ్చాడు, డిగ్రీ చదువుతున్నాడు. మల్లి ఉరికే వీడియో ఎవరి ఫోన్‌లోనో చూశాడట. పిల్లలు పెడితే ఒకటి కావాలన్నాడు, ఎంతైనా ఇస్తానన్నాడు. ఆపరేషన్ అయిపోయిందని చెప్పాను. ముఖం చిన్నబోయింది. పోనీ ఒక్కసారి ఉరికించి చూపమన్నాడు. మధ్యాహ్నం పన్నెండు దాటింది, బయట అడుగు పెట్టే ఎండ కాదు. సాయంత్రం బస్సుకు పోదువులే, ఈ పూట మల్లి దగ్గర కూచోమని, అన్నం పెట్టి నడవలో చాప వేశాను. అతను కూచున్నాడు. మల్లి వచ్చి అతని మోకాలికి ఒరిగి, మెల్లగా జారి సంచి మీద పడుకుంది. మొదట ఫోన్ చూసుకున్నాడు. కొంతసేపటికి ఫోన్ పక్కన పెట్టి, దాని పక్కటెముకల కింద గుండె కొట్టుకోవడం చూస్తూ ఉండిపోయాడు. గోనెసంచి ఆరినప్పుడల్లా నేను లేచి తడుపుతున్నాను. ఒకసారి నాకన్నా ముందే అతను లేచి బకెట్ అందుకున్నాడు.

“ఎన్నిమార్లు తడపాలె అక్కా?”

ఎండను బట్టి, అన్నాను. చెయ్యి పెట్టి చూడు, వెచ్చబడితే తడుపు. ముందు దాన్ని పేరు పెట్టి పిలువు, లేవనీ.

“మల్లీ” అని పిలిచాడు.